కచేరీ మీద తొలి దెబ్బ

మొన్న పింఛను పని మీద బ్యాంకుకి బయల్దేరి, ఆటో ఎక్కి కచేరీ దగ్గర దింపమంటే, ఆ ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, "కచేరీ అంటే ఏటమ్మా? అదెక్కడుంతాది?" అన్నాడు. నేను చేత్తో చూపించాను. "ఓ, కాంప్లెక్సా! అలగ సెప్పొద్దా మరి," అని నవ్వి, ఒకప్పుడు సబ్‌జైలు గేటు ఉన్నచోట, ఇప్పుడు చెప్పుల షాపు ఉన్నచోట, నన్ను దింపి చక్కా పోయాడు. ఆ అబ్బాయి తప్పేం లేదు. కచేరీని కూల్చి ఎంతో కాలం కాకపోయినా ఊరు దాన్ని అప్పుడే మర్చిపోయింది. మా ఊరు మర్చిపోవడంలో మొదటినుంచీ మహా చురుకు.

ఊరి పేరు రాయను. పలాస నుంచి టెక్కలి వైపు రాకపోకలున్న మా ఈడు వాళ్ళకి రాయక్కర్లేకుండానే తెలుస్తుంది, తెలియనివాళ్ళకి అవసరం లేదు, ఇందులో కనిపించే కొందరు ఇంకా కుర్చీల్లో ఉన్నారు కాబట్టి నా పింఛను క్షేమం కూడా కొంత చూసుకోవాలి.

ఊరి నడిబొడ్డున, నాలుగు రోడ్లూ కలిసేచోట, మనిషెత్తు ప్రహరీ లోపల ఉండేది ఆ కచేరీ. దొరల కాలంలో కట్టింది. మధ్యలో తాలూకా ఆఫీసు, ఎడమ పక్క ఖజానా, కుడి పక్క రిజిస్ట్రారు గారి ఆఫీసు, వెనక సబ్‌జైలు, వీటన్నిటినీ చుట్టుకుని ఒక పొడుగాటి వరండా. మూరెడు మందం సున్నపు గోడలు, బర్మా టేకు దూలాలు, వాటిలో పావురాలు, పావురాల కింద మేము. వానొస్తే కురిసేది, ఎండొస్తే మాత్రం లోపల చల్లగా ఉండేది. అర్జీలు రాసేవాళ్ళు వరండాలో టైపు మిషన్లు పెట్టుకుని టకటకలాడిస్తుంటే, ఉద్దానం నుంచి వచ్చిన రైతులు కొబ్బరి బొండాలు కాళ్ళ దగ్గర పెట్టుకుని, సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు కొంగులు నెత్తిన వేసుకుని, పిలుపు కోసం పొద్దున్నించి సాయంత్రం దాకా అలా కూర్చుని ఉండేవారు. పిలిచేవారా అంటే, ఒక్కోసారి పిలిచేవారు.

ఇప్పుడు ఫోన్లలో ఆ భవనం ఫోటోలు తిరుగుతున్నాయి. మన వారసత్వం, మన కచేరీ, ఎంత అందం, ఎంత దర్జా అని కింద రాస్తున్నారు. రాసేవాళ్ళలో చాలామంది వరండా మెట్లు కూడా ఎక్కి ఉండరు. ఆ మెట్ల కింద ఎండలో నిలబడినవాళ్ళెవరూ ఆ ఫోటోలకి దండాలు పెట్టడం నేను చూడలేదు. నాకు అక్కడ జీతం వచ్చేది, నీడ ఉండేది, అందుకని నాకు ఆ కచేరీ అంటే ప్రేమే. కానీ ఆ ప్రేమతో పాటు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, అది మా మావ సంగతి.

మావ అంటే మా అమ్మకి తమ్ముడు. ఉద్దానంలో కొంచెం జీడితోట, కొంచెం కొబ్బరి ఉన్న ఇంటి పిల్లాడు. నాకు ఆ కచేరీలో టైపిస్టు ఉద్యోగం వచ్చేనాటికే మావ అక్కడ బంట్రోతు. మొదటిరోజు నన్ను బస్సు దిగగానే వెంటపెట్టుకుని తీసుకెళ్ళి, మిషన్ మీద దుమ్ము తన తువ్వాలుతో తుడిచి, "ఇక్కడ కూకో అమ్మీ, ఎవులేటన్నా నవ్వీయి," అని చెప్పి, తహశీల్దారు గది గుమ్మం బయట తన స్టూలు మీదకి వెళ్ళి కూర్చున్నాడు. ఖాకీ చొక్కా, నడుముకి ఎర్ర పట్టీ, దానికి ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళని చింతపండుతో రోజూ తోమేవాడు. మావంటే నాకు చాలా గర్వంగా అనిపించింది ఆ రోజు. అతన్ని ఆఫీసులో అందరూ "బోణీ" అని ఎందుకు పిలుస్తున్నారో నాకు తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది.

మా ప్రాంతంలో ఒక నమ్మకం ఉంది. నిలబడి ఉన్న ఇంటిని కూల్చేటప్పుడు మొదటి చెయ్యి ఎవరిదైతే, ఆ ఇంటి ఉసురు వాళ్ళకి తగులుతుంది. రెండో చెయ్యికి ఏమీ కాదు, పదో చెయ్యికి అసలే కాదు. అందుకని సముద్రం ఒడ్డున సర్కారు జాగాల్లో వేసుకున్న గుడిసెలు తీయించాల్సి వచ్చినప్పుడల్లా, తహశీల్దారు గారు, పోలీసులు, కూలీలు, అందరూ వెళ్ళేవారు గానీ ఎవరూ ముట్టుకునేవారు కాదు. కూలీలు కూడా ఆ చుట్టుపక్కల వాళ్ళే కదా. చేతులు కట్టుకుని నిలబడి, "సర్కారు సెయ్యి పడనీండి బాబూ, అప్పుడు మా సెయ్యి ఏత్తాం," అనేవారు. సర్కారుకి చెయ్యి ఎక్కడుంటుంది? మా మావకి ఉంది. తహశీల్దారు గారు అటు తిరిగి "కానియ్" అనేవారు. మావ వెళ్ళి ఇంటి కప్పు మీంచి మొదటి కమ్మ లాగేవాడు. ఆ కొబ్బరి కమ్మ నేల మీద పడ్డాక కూలీలు మిగతాది చూసుకునేవారు. అదీ బోణీ. ఆ పేరు పెట్టింది మా హెడ్ గుమాస్తా గారు, చమత్కారి అని ఆయనకి జిల్లా అంతా పేరు.

ఒకసారి నేను చూశాను. ఆ ఇంట్లో ఆడవాళ్ళు తప్ప ఎవరూ లేరని, మన వైపు నుంచి కూడా ఒక ఆడమనిషి ఉండాలని నన్ను జీపు వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. సముద్రం పక్కనే, జీడిచెట్లు దాటాక, ఒకే ఒక్క గుడిసె. లోపల ఒక ముసలామె, ఆమె కోడలు. మగవాళ్ళు వేటకి వెళ్ళారు. ఆ వేళ చూసే వచ్చాం లెండి, మా వాళ్ళకి ఆ తెలివికి లోటు లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. కోడలు బయటికొచ్చి, సారూ, ఈ గంజి ఒంపేదాకా ఆగండి అని అడిగింది. తహశీల్దారు గారు ఆగడానికి సిద్ధంగానే ఉన్నట్టు చెట్టు కింద కుర్చీ వేయించుకున్నారు. ఆ ముసలామె ఏం చేసిందనుకుంటున్నారు? లోపలికి వెళ్ళి ఒక బొండాం కొట్టి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన తాగారు. తాగి, మూతి తుడుచుకుని, "కానియ్" అన్నారు.

మావ కమ్మ లాగాడు. కప్పు మీది ఇసక, ఎండు ఆకులు అన్నం కుండలో పడ్డాయి. బొండాం ఇచ్చిన ఆ ముసలామే అప్పుడు దోసెడు ఇసక తీసి మావ మొహాన కొట్టి, "నీ సెయ్యి పడిపోను! నీ ఇంట దీపం ఎట్టీవోడు లేకుండా పోను!" అని శాపనార్థాలు పెట్టింది. బొండాం తాగినాయన్ని ఒక్క మాట అనలేదు. ఆయన దొర, ఆయనకి మర్యాద చెయ్యాలి. శాపం మాత్రం కమ్మ లాగినవాడికి. మావ కళ్ళలో ఇసక తుడుచుకుని, జీపు దగ్గరికి వచ్చి, నన్ను చూసి నవ్వాడు. ఎవరేమన్నా నవ్వమని నాకు చెప్పినది ఉత్తినే కాదని అప్పుడు తెలిసింది.

అలాంటి రోజుల్లో మావ జీపులో మాతో తిరిగి వచ్చేవాడు కాదు. సముద్రంలో మునిగి, తడిబట్టలతోనే నడిచి, బస్సు చివర నిలబడి ఇంటికి చేరేవాడు. అత్త గుమ్మంలో పసుపు నీళ్ళు పట్టుకుని ఉండేది. ఆ నీళ్ళు కాళ్ళ మీద పోసి గానీ లోపలికి రానిచ్చేది కాదు, తన కొడుకుని ముట్టుకోనిచ్చేది కాదు. ఆఫీసులో అయితే ఆ పసుపు నీళ్ళ సౌకర్యం కూడా లేదు. మా హెడ్ గుమాస్తా గారి అమ్మాయి పెళ్ళికి మావ వారం రోజులు పందిళ్ళు వేశాడు, నీళ్ళు మోశాడు, విస్తళ్ళు తెచ్చాడు. ముహూర్తం రోజు పొద్దున్నే ఆయన మావ భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా, తాళి కట్టేదాకా కొంచెం అటు వీధిలో కూర్చోమన్నారు. మావ వీధిలో కూర్చున్నాడు. మేళం విని, తాళి పడిందని తెలుసుకుని, అక్షింతలు కూడా వెయ్యకుండా వచ్చి వడ్డన మొదలుపెట్టాడు. నేను తినకుండా వచ్చేశాను. అది ఎవరూ గమనించలేదు, భోజనాలు మటుకు బాగున్నాయని వారం రోజులు చెప్పుకున్నారు.

మావకి ఒక్కడే కొడుకు, నాకు మరిది వరస. వాడికి పెళ్ళై, ఒక ఆడపిల్ల పుట్టాక, కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఆ జబ్బు ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు, ఏ వీధిలోకి వెళ్ళినా ఒక ఇల్లు చూపిస్తారు. చాలా నెలలు విశాఖపట్నం తిప్పి, తోట అమ్మి, చివరికి వాడిని పోగొట్టుకున్నారు. కోడలు పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. పిల్ల వీళ్ళ దగ్గర మిగిలింది. ఊళ్ళో, ఆఫీసులో, అందరూ ఒక్కటే మాట. ఉసురు తగిలింది, కమ్మలు లాగిన చెయ్యి ఊరికే పోతుందా అని. నాకు ఒళ్ళు మండిపోయేది. ఉద్దానంలో ఇన్ని ఇళ్ళలో ఇంతమంది పోయారు, వాళ్ళందరూ బంట్రోతులేనా, అందరూ కమ్మలు లాగారా అని అడిగితే, మీరు చదువుకున్నారు లెండి అని నవ్వేవారు. అన్నిటికంటే ఘోరం, మావ కూడా నమ్మాడు. ఆ తర్వాత గుడిసెలు తీసిన రోజున సముద్రంలో మునగడం మానేశాడు. కడుక్కోడానికి ఇంక ఏటుందే అమ్మీ అన్నాడు.

తర్వాత మావ రిటైరయ్యాడు, నేనూ రిటైరయ్యాను. మావకీ కిడ్నీ జబ్బు పట్టుకుంది. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకుని వచ్చేవాడు. ఎడమ చెయ్యి మీద సూదులు గుచ్చిన చోట నరాలు ఉబ్బి, తాడు ముడులు వేసినట్టు ఉండేవి. ఆ చెయ్యితో బరువు ఎత్తొద్దన్నారు డాక్టర్లు. మనవరాలు డిగ్రీ పూర్తి చేసింది. తాత చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కించి దింపేది ఆ పిల్లే. తెలివైంది, నోరు గట్టిది, మా అమ్మ పోలిక. తన తర్వాత ఈ పిల్లకి ఏమీ కాకూడదు, తనకి తగలాల్సింది ఏదైనా ఉంటే తనతోనే పోవాలి. మావకి మిగిలిన కోరిక అదొక్కటే. దేవుడి గదిలో దండం పెట్టుకున్నా, ఆసుపత్రి మంచం మీద పడుకున్నా ఆ మాటే అనేవాడు.

అప్పుడు వచ్చింది కచేరీని కూల్చే సంగతి. భవనం పాతబడింది, బాగు చేయించే కంటే కూల్చి కొత్తది కట్టడమే మేలు, కింద దుకాణాలు, పైన ఆఫీసులన్నీ ఒకేచోట, లిఫ్టు, అద్దాలు అని గొప్పగా చెప్పారు. నిజానికి చెడ్డ ఆలోచన కాదు. మెట్లెక్కలేని నాలాంటివాళ్ళకి లిఫ్టు మంచిదే. కానీ మొదట పని దక్కిన కాంట్రాక్టరు, గోడల మీద గుర్తులు పెట్టించిన వెంటనే మోటారు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పూటుగా తాగి నడిపాడని బజారంతా తెలుసు. అయినా కచేరీయే పడేసిందన్నారు. ఎంతమంది ఉసురు ఉంది ఆ గోడల్లో, జైల్లో ఎంతమంది ఏడ్చారో, వరండాలో ఎంతమంది ఎదురుచూసి ఎదురుచూసి పోయారో అని, ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టని ఆ కన్నీళ్ళన్నీ ఒక్కసారిగా ఊరికి గుర్తొచ్చాయి. రెండో కాంట్రాక్టరు పెద్ద యంత్రం తెప్పించాడు. దాన్ని నడిపే ఒరియా అతను బరంపురం వైపు వాడు, గోడల వంక ఒకసారి చూసి, ముందు ఊరివాళ్ళెవరైనా మనిషి చేత్తో ఒక దెబ్బ వెయ్యాలి, అప్పుడే తాను యంత్రం ముట్టుకుంటానన్నాడు.

ఇంక చూడాలి మా పెద్దమనుషుల తంటాలు. ఒకాయన మాల వేసుకున్నాడు. ఒకాయన ఇంట్లో పెళ్ళి. ఒకాయన భార్యకి నెలలు నిండుతున్నాయట, అలాంటప్పుడు మొగుడు ఏదీ పగలగొట్టకూడదు కదా. ఆ వారం మా ఊరి ఆఫీసుల్లో ఎంతమంది భార్యలు నీళ్ళోసుకున్నారో చెప్పలేను. యాభై దాటినాయన కూడా ఆ సాకే చెప్పాడు, ఇంటికెళ్ళాక ఆయనకి ఏమైందో నాకు తెలియదు. మా ఊరి నాయకుడు గారిని పిలిస్తే, శంకుస్థాపనకి వస్తాను, కూల్చడానికి నన్నెందుకు అన్నారు. కట్టడానికి అందరూ ముందే, కూల్చడానికి ఎవరూ లేరు. అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది, బోణీ ఇంకా బతికే ఉన్నాడని.

కారు వేసుకుని మావ ఇంటికి వెళ్ళారు. పెద్దాఫీసరు స్వయంగా వెళ్ళాడు. ఈయన ఒకప్పుడు నా పక్క బల్ల మీద కొత్తగా చేరిన గుమాస్తా, ఫైలు ఎలా కట్టాలో నేనే నేర్పాను, ఇప్పటికీ నన్ను మేడమ్ అనే అంటాడు. మావని ఆకాశానికెత్తాడు. ఈ కచేరీకి మీకంటే పెద్ద దిక్కెవరు, మీ చేతుల మీదుగా జరగడం న్యాయం అన్నాడు. పిల్ల డిగ్రీ అయిందని తెలుసుకుని, కొత్త భవనంలో కింద వచ్చేవాళ్ళకి దారి చెప్పే బల్ల దగ్గర కాంట్రాక్టు ఉద్యోగం వేయిస్తానని మాటిచ్చాడు.

కబురు తెలిసి నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి ఇల్లు రెండుగా చీలి ఉంది. అత్త ఒక మూల కూర్చుని ముక్కు చీదుతోంది. పిల్ల గుమ్మంలో నిలబడి, "తాతా, ఆ ఉద్దోగం నాకొద్దు. నివ్వెల్లావంటే నాను అన్నం తినను," అంటోంది. నేనూ అన్నాను, ముందు ఉద్యోగం ఇమ్మను, తర్వాత చూద్దాం అని. మావ అందరి మాటా విని, ఉబ్బిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా చెప్పాడు.

"నాను ఎలాగా పోయీవోడినే అమ్మీ. పోయీవోడి మీద పడితే ఉసురుకి మరేటి పనుంతాది? నాతోటే కాలిపోద్ది. మన గుంటకి ఉద్దోగం, కూడు దొరుకుద్ది. మాటిచ్చినోడు సర్కారు మనిసి కాదేటి?"

జీవితమంతా సర్కారు గుమ్మంలో కూర్చుని, సర్కారు మాట ఎంతవరకూ నిలుస్తుందో అందరికంటే దగ్గరగా చూసినవాడు ఆ మాట అన్నాడు. నేను మర్నాడు ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. జబ్బు మనిషి, ఆ పని చేయించకండి అన్నాను. ఆయన కుర్చీ వేయించి, టీ తెప్పించి, "అది కాదు మేడమ్, ఆయన ఎలాగూ..." అని ఆగిపోయాడు. ఆ మాట మావ నోటంట విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఈయన నోటంట సగం వినేసరికి ఆ టీ ఆయన మొహాన పొయ్యాలనిపించింది. పొయ్యలేదు. బుద్ధిగా తాగి వచ్చాను.

ఆ రోజు షామియానా వేశారు. డప్పులు పెట్టారు. పంతులు గారు బూడిద గుమ్మడికాయ కొట్టించి, తన పని అయిందని అందరికంటే ముందు వీధిలోకి వెళ్ళి నిలబడ్డారు. మావకి కొత్త తువ్వాలు కప్పి, చేతికి గునపం ఇచ్చారు. ఇవ్వడం కూడా చేతికి కాదు, ముందే గోడకి ఆనించి పెట్టి, తీసుకోమన్నారు. ఖజానా గోడ మూలన దెబ్బ వెయ్యాలి. ముందు రోజే పలాస వెళ్ళి వచ్చిన మనిషి, కాళ్ళు తేలిపోతున్నాయి. గునపం ఎత్తాడు, వేశాడు. సున్నపు గోడ చెక్కు చెదరలేదు. మళ్ళీ వేశాడు. గునపం జారి కింద పడింది. జనంలో ఎవరో నవ్వారు. నవ్వు అంటువ్యాధి కదా, అందరూ నవ్వారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు, అన్నీ మావ వైపే. వంగి గునపం తీయబోయి మావ ఒరిగిపోతుంటే ఒక కుర్ర ఉద్యోగి పట్టుకోబోయాడు. వాళ్ళ నాన్న వెనకనుంచి చొక్కా పట్టి లాగాడు. ఆ గునపం మీద ఇంకో చెయ్యి పడితే ఆ చెయ్యి కూడా మొదటి చెయ్యే అవుతుంది. అంత పెద్ద జనంలో ఒక్కరంటే ఒక్కరు ముందుకు రాలేదు. నేను వెళ్ళబోయాను, అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పిల్ల ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు. చూసేసరికి తాత వెనక నిలబడి, రెండు చేతులతో గునపాన్ని అతని చేతుల పక్కనే పట్టుకుంది. మావ గొంతులోంచి అంత పెద్ద కేక నేను ఎప్పుడూ వినలేదు.

"ఒగ్గీ గుంటా! సెయ్యి ఒగ్గీ!"

ఆ పిల్ల వదల్లేదు. మోచేత్తో నెట్టాడు, తిట్టాడు, ఏడ్చాడు. అంతమంది నవ్వుతుంటే తాతని అలా వదిలెయ్యడం ఆ పిల్ల వల్ల కాలేదు. ఇద్దరి చేతుల మధ్య గునపం ఊగి, వెళ్ళి గోడకి తగిలి, పెళ్ళున ఒక పెచ్చు ఊడిపడింది. చప్పట్లు మోగాయి. ఒరియా అతను యంత్రం స్టార్ట్ చేశాడు. ఇంక మావని ఎవరూ చూడలేదు. ఆటో మాట్లాడి నేనూ అత్తా ఇంటికి తీసుకొచ్చాం. దారి పొడుగునా మావ ఆ పిల్ల చేతుల్ని తన కొత్త తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాడు. అందులో ఏమీ లేదు తాతా, సున్నమే అని పిల్ల అంటున్నా ఆపలేదు.

మావ ఎక్కువ రోజులు బతకలేదు. ఎలాగూ బతికేవాడు కాదని డాక్టరు చెప్పాడు. ఊరు మాత్రం వేరే చెప్పింది. కచేరీ తీసుకుపోయింది అంది. గునపం దెబ్బ వీడియోకి ఎవరో ఏడుపు సంగీతం కలిపి, ఉసురు తగిలిందని రాసి, ఊరంతా తిప్పారు. ఆ వీడియో నాకు నలుగురు పంపారు. నిజం చెప్పాలంటే, మావ చావుతో మా ఊరికి పెద్ద ఊరట కలిగింది. తగలాల్సినవాడికి తగిలింది, మిగతావాళ్ళు నిశ్చింతగా దుకాణాలకి అడ్వాన్సులు కట్టుకోవచ్చు. పెద్దకర్మకి ఆఫీసు నుంచి ఒక దండ వచ్చింది, దాంతో పాటు మనుషులెవరూ రాలేదు.

భవనం లేచింది. ఉద్యోగం సంగతి అడగడానికి పిల్లని తీసుకుని నేనే వెళ్ళాను. ఆఫీసరు పిల్లని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచాడు. "నాకలాంటి నమ్మకాలు లేవు మేడమ్, స్టాఫే ఒప్పుకోవడం లేదు," అన్నాడు. ఆ గునపం మీద ఈ అమ్మాయి చెయ్యి కూడా పడింది కదా, వీడియోలో అందరూ చూశారు, తాతగారు పోయారు, ఇంకా ఈ అమ్మాయి వంతు ఉందని అనుకుంటున్నారు, కొత్త భవనంలో గుమ్మం ఎదురుగా ఆ మొహం చూసి లోపలికి రావాలంటే ఎవరైనా కొంచెం ఆలోచిస్తారు, మీకు తెలియనిది కాదు అని ఎంతో మర్యాదగా చెప్పాడు. తాళి కట్టేదాకా వీధిలో కూర్చోమన్న హెడ్ గుమాస్తా గారు గుర్తొచ్చారు. ఆయన ముహూర్తం అయ్యాక లోపలికైనా రానిచ్చారు.

నేను బయటికి రాగానే పిల్ల, "తెలిసిపోనాదిలే పెద్దమ్మా, తలుపు సగమే ఏసినారు," అంది. ఏడవలేదు. మర్నాటి నుంచి కాశీబుగ్గలో జీడిపప్పు కార్ఖానాకి వెళ్తోంది. పిక్కలు కొట్టే పని. జీడి రసం తగిలి వేళ్ళు నల్లబడ్డాయి, తోలు ఊడుతోంది. అక్కడ మాత్రం అందరి చేతులూ అలాగే ఉంటాయి కాబట్టి ఎవరూ ఎవరి చేతుల్నీ పట్టించుకోరట.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఆటో అబ్బాయి ఒక్కడే కాదు. ఆ రోజు బ్యాంకు నుంచి ఇంటికి వచ్చేసరికి ఆఫీసరు నుంచి ఫోను. క్షేమ సమాచారాలన్నీ అడిగాడు. ఊళ్ళో పాత ధర్మాసుపత్రి కూడా కూల్చి కొత్తది కట్టబోతున్నారట. దానిలో ఎంతమంది ప్రాణాలు పోయి ఉంటాయో చెప్పక్కర్లేదు కదా, మళ్ళీ అదే ఇబ్బంది వచ్చింది, ఎవరూ ముందుకు రావడం లేదు అన్నాడు. నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని గ్రహించి, గొంతు తగ్గించి చెప్పాడు. "మీ అమ్మాయిని ఒకసారి అడిగి చూడండి మేడమ్. ఎలాగూ పడిన చెయ్యే కదా."

నేను ఫోను పెట్టేశాను. ఆ పిల్లతో చెప్పకూడదనుకున్నాను. కానీ ఆఫీసువాళ్ళు నన్ను నమ్ముకుని ఆగేరకం కాదు, ఎవరో ఒకరు కార్ఖానా గేటు దగ్గరే అడుగుతారు, పరాయివాళ్ళ నోట వినడం కంటే నా నోట వినడం నయమని, ఆదివారం వచ్చినప్పుడు చెప్పాను. ఆ పిల్ల అన్నం కలుపుతున్నది కలుపుతున్నట్టే ఆగింది. తిడుతుందనుకున్నాను, కంచం విసిరి కొడుతుందేమో అనుకున్నాను. తలెత్తి నా మొహంలోకి చూసి అడిగింది.

"ఈసారి ఏటిత్తారట పెద్దమ్మా?"

మా కాలం నాటి ఆ వరండా, ఆ టేకు దూలాలు, ఆ పావురాలు, అన్నీ పోయినందుకు నాకు బెంగగానే ఉంది, లేదనను. అయితే ఊళ్ళో నిజంగా ఏం మారిందని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఒక్కటే. మా మావ అంతకాలం కమ్మలు లాగాడు గానీ, తన కోసం ఏమిస్తారని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ పిల్ల అడగడం నేర్చుకుంది. నేర్పింది మేమే. సంతోషించాలో ఏడవాలో తెలియక, ఆ పిల్ల కంచంలో ఇంకొంచెం పెరుగు వేశాను.